పావు మిల్లీమీటరు

అచ్చులో పోసిన ప్లాస్టర్ ఆరి చేతికి రావడానికి ముప్పావు గంట పడుతుంది, ఆ తరువాతే డాక్టరమ్మ కొలిచేది, అంతదాకా ఇక్కడే కూర్చోండమ్మా అని ప్లాస్టర్ తాత లోపలికి వెళ్లిపోయాడు. తాత అని అందరూ అంటారు గాని, నేను మొదటిసారి చూసినప్పుడు ఆయనకు యాభై కూడా ఉండవు. కనుబొమల నిండా తెల్లపొడి ఉంటే అది వయసనుకున్నాను. ఒకరోజు మొహం కడుక్కుని నల్లటి కనుబొమలతో ఎదురొస్తే పోల్చుకోలేక, ఆయననే ఆపి, ప్లాస్టర్ తాత ఎక్కడున్నాడండీ అని అడిగాను. "ఇప్పుడే కడిగి పారేశానమ్మా" అన్నాడు. ఇది జరిగి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఎంత కడిగినా నల్లబడేలా లేవు. గోడకు బిగించిన ఆరు కుర్చీల్లో మూడోదానికి రెక్సిన్ చిరిగి లోపలి స్పాంజి కనబడుతూ ఉంటుంది, వచ్చిన ప్రతి పిల్లా అందులో వేలు పెట్టి గిల్లుతుంది, మా పిల్ల మూడేళ్లప్పుడు దాని వేలు రెండో కణుపు దాకా వెళ్లేది, ఇప్పుడు నా పిడికిలి పడుతుంది. తడిసిన ప్లాస్టర్ వాసన, స్పిరిట్ వాసన, ఎవరిదో బ్యాగులో మగ్గిన అరటిపండు వాసన. కుడివైపు తలుపు వెనక మా పిల్ల గొంతు. మాటల టీచరమ్మ దగ్గర కూర్చుని కాగితం మీది వాక్యాలు ఒక్కొక్కటే చదువుతోంది, పెద్దబాబు పాపకు పీపా పట్టాడు, కాకి కూత కూసింది, బుట్టలో బొబ్బట్లు కాదు బొమ్మలు, మధ్యలో ఆపి, "టీచర్, పీపా పట్టడమేంటి, పీపా ఎంత బరువుంటుంది?" అని అడుగుతోంది. టీచరమ్మ నవ్వడం వినబడింది. దానికి మాటలు రావాలని ఈ తలుపు ముందు ఎన్ని మధ్యాహ్నాలు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నానో, ఇప్పుడు ఆ మాటలు ఆపడానికి టీచరమ్మ గంట కొట్టాల్సి వస్తోంది. వాళ్ల నాన్న దానికి పెట్టిన పేరు వసపిట్ట. బళ్లో కూడా అదే పేరు స్థిరపడిపోయింది.

ముప్పావు గంటలో తేలేది ఇదీ. దాని పై దవడ ఇరుకు. పెదవీ అంగిలీ చీలి పుట్టింది, మూడో నెలలో పెదవి కుట్టారు, పదో నెలలో అంగిలి కుట్టారు, కుట్టినచోట మచ్చ పడింది, మచ్చ సాగదు, పిల్ల పెరిగింది గాని అంగిలి దానితో సమంగా పెరగలేదు. పై చిగుళ్లలో ముక్కు కిందుగా ఇంకా చిన్న సందు మిగిలే ఉంది. ఆ సందులోకి తుంటి నుంచి తీసిన ఎముక పొడి నింపాలి, అదీ పైనున్న కోరపన్ను దిగకముందే, ఎముక లేని సందులోకి పన్ను దిగితే నిలబడటానికి దానికి చోటుండదు. నింపాలంటే ముందు దవడ వెడల్పు కావాలి. అందుకని అంగిలికి ఒక బుల్లి స్క్రూ బిగించి, పిన్నులాంటి తాళంచెవి ఒకటి నా చేతికిచ్చారు. రోజుకొకసారి తిప్పాలి, తిప్పినప్పుడల్లా పావు మిల్లీమీటరు. ఇరవై ఎనిమిది రోజులు, ఏడు మిల్లీమీటర్లు. వచ్చేనెల పద్నాలుగో తేదీకి ఆపరేషన్ గది రాసిపెట్టి ఉంది. ఈరోజు అచ్చు మీద ఆరైనా కనబడాలి. నా నోటుబుక్కులో ఇరవై ఎనిమిది టిక్కులున్నాయి, ఒక్కటి కూడా వంకరగా లేదు, ఒక్కరోజు తప్పలేదు. మధ్యలో రెండు వారాలకు ఒకసారి వచ్చి చూపించమన్నారు, అప్పుడు దానికి జ్వరం, ఫోన్లో చెప్పాను డాక్టరమ్మకు, బాగా జరుగుతోందండీ, నొప్పి కూడా లేదు. నొప్పి లేదా, అదృష్టవంతులండీ అంది ఆవిడ. ఆ మాట నేను రెండు రోజులు నాలుక మీద చప్పరించాను, అదృష్టం కాదు, చెయ్యి అని లోపల్లోపల అనుకుంటూ.

చెయ్యి తేలిక అని నాకు పేరు. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబులో రంగు మారేవేళకు బ్యూరెట్ చివరి చుక్కను సగంలో ఆపగలిగేదాన్ని, మా బ్యాచీలో ఎవరి లెక్క తేడా వచ్చినా మాస్టారు నా రీడింగు చూసి దిద్దుకోమనేవారు. ఆ పేరు ఆ తరువాత పప్పు డబ్బాల మీద చీటీలు అంటించడానికీ, దూది మీద మందు చుక్కలు వేయడానికీ తప్ప ఎందుకూ పనికి రాలేదు అనుకున్నాను, పిల్ల పుట్టేదాకా. పుట్టిన రోజున నర్సమ్మ దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, మొహం మీద అంచు కప్పి తెచ్చి, ముందు నా మొహం చూసి, తరువాత ఆ అంచు తీసింది. నేనేం అన్నానో గుర్తులేదు. ఆయన వంగి చూసి, చాలాసేపు చూసి, "ముక్కు మాత్రం నీదే" అన్నారు. ముక్కు ఒకవైపుకు వాలి ఉంది అప్పుడు, ఎవరిదీ కానట్టు ఉంది, అయినా ఆ మాటతో నాకు ఊపిరి వచ్చింది. మా అత్తయ్య ఒకేఒక్కసారి, ఏ గ్రహణంలో బయటికొచ్చావో అంది, అని నాలుక కరుచుకుంది, ఆ తరువాత మూడు నెలలు పిల్లను కింద పెట్టలేదు. పాలు చప్పరించలేదు కదా, అంగిలే లేకపోతే లోపల ఒత్తిడి ఎక్కడ పుడుతుంది, నోట్లో పోసినవి ముక్కులోంచి వచ్చేవి. మెత్తటి సీసా నొక్కి పట్టాలి, వదలాలి, ఊపిరి తీసుకోనివ్వాలి, మళ్లీ నొక్కాలి. ఎంత నొక్కాలో ఎవరూ చెప్పలేరు, వేళ్లకే తెలియాలి. నా వేళ్లకు తెలిసింది. ఆయన నొక్కితే దగ్గు, అత్తయ్య నొక్కితే ఏడుపు, నేను నొక్కితే గుటక. అప్పటినుంచే కాబోలు దాని నోటికి సంబంధించిన ఏ పనీ ఇంకొకరికి ఇవ్వలేకపోయాను.

ఈ స్క్రూ వచ్చినప్పుడు ఆయన అడిగారు కూడా. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పదహారో అంతస్తులో తీగలకు వేలాడుతూ బోల్టులు బిగించే మనిషి. "స్క్రూ అంటున్నారు కదా, అది నా డిపార్ట్‌మెంటోయ్" అన్నారు. ఆ గ్రీజు చేతులు పిల్ల నోట్లో పెడతారా అన్నాను. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు తిప్పి చూపించారు, సబ్బుతో మూడుసార్లు కడిగినట్టున్నారు, గోళ్ల సందుల్లో కూడా నలుపు లేదు. అయినా ఇవ్వలేదు. పొద్దున్న పాలు తాగాక, బడి బస్సు రాకముందు, కిటికీ పక్క కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, తాళంచెవి రంధ్రంలో పెట్టి గొంతువైపు తోసేదాన్ని. పక్కింటావిడ వాళ్లబ్బాయికి పళ్లకు తీగలు వేసినప్పుడు రోజూ ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. మాది కనురెప్ప కూడా వేసేది కాదు. "అయిపోయిందా?" అనేది. అంతే. ఆ ప్రశ్న విని నేను ఎంత గర్వపడేదాన్నో ఎవరికీ చెప్పలేదు.

పెదవి కుట్టిన రోజు సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. కుట్లు వేసి బయటికి తెచ్చారు, మూసిన పెదవి, చిన్న ఎర్రటి గీత, అందరూ ఎంత బాగుందో ఎంత బాగుందో అంటున్నారు, నాకేమో పాత నవ్వు కావాలనిపించింది. మూడు నెలలు ఆ నవ్వుతోనే కదా నన్ను పలకరించింది, మొహమంతా రెండుగా తెరుచుకునే నవ్వు, అంత వెడల్పు నవ్వు ఇంకే పిల్లకూ ఉండదు. బాగుచేయించమని నేనే తీసుకెళ్లాను, బాగయ్యాక నేనే ఎవరూ చూడకుండా ఏడ్చాను. అది ఒకటి. ఇక అంగిలి మాట. అప్పటి పెద్ద డాక్టరుగారు, ఇప్పుడు రిటైరయ్యారు, కాగితం వెనక గుర్రపు నాడాలా ఒక బొమ్మ గీసి, మధ్యలో సందు గీసి చెప్పారు. ఇప్పుడే మూసేస్తే మాట బాగా వస్తుంది, మచ్చ మూలంగా దవడ కొంచెం వెనకబడవచ్చు. ఆగి, ఐదారేళ్లకు మూస్తే దవడ తన దారిన పెరుగుతుంది, మాట ముక్కులోకి పోయి అదే అలవాటు స్థిరపడవచ్చు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి, ఇదే సరైనదని బల్ల గుద్ది చెప్పేవాళ్లు లేరు. మీ పాప అయితే ఏం చేస్తారండీ అని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టి, "మా పాప అయితే నేనూ ఇలాగే ఎవరినో అడుగుతానమ్మా" అన్నారు. ఇంటికెళ్లి ఆలోచించుకోమన్నారు, నేను ఇంటికి వెళ్లలేదు, అక్కడే చెప్పాను, ఇప్పుడే మూసేయండి. ఆయన నా వైపు చూశారు, సరే అన్నారు. పదేళ్ల తరువాతి దవడ నాకు కనబడలేదు, రేపటి మాట వినబడింది. మాట పిల్ల కోసం అడిగానా, వినాలనుకున్న నా చెవుల కోసం అడిగానా అన్నది ఇప్పటికీ తేలలేదు. మొదట్లో అన్నీ మ లూ న లే, అన్నీ ముక్కులోంచే. టీచరమ్మ ముక్కు కింద చిన్న అద్దం పట్టేది, మసక పడితే గాలి తప్పు దారిన పోతున్నట్టు. ఇంట్లో నేనూ పట్టేదాన్ని. రెండున్నరేళ్లప్పుడు రోడ్డు మీద ఒకసారి, చెయ్యి చాపి, "బస్సు!" అంది. పెదాలు పగిలేలా, ఉమ్ము ఎగిరేలా, నిండు బ. బస్టాపులో వాళ్లందరూ తిరిగి చూశారు. నేను ఆ బస్సు ఎక్కడం మరిచిపోయాను.

ఐదో ఏట బళ్లో ఫోటోలు తీసే అతను, గడ్డం కొంచెం లోపలికి పెట్టు తల్లీ, ముందుకు తోసుకొస్తోంది అన్నాడు. గడ్డం ముందుకు రాలేదు, పై దవడ వెనక్కుండిపోయింది. అప్పటినుంచి దాన్ని పక్కనుంచి చూడటం అలవాటైంది నాకు, అన్నం తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, టీవీ వెలుగులో. ముందు నుంచి చూస్తే మాటలు, పక్కనుంచి చూస్తే నా పదో నెల నిర్ణయం. పోయినసారి వచ్చినప్పుడు ప్లాస్టర్ తాత దాని పాత అచ్చులన్నీ ట్రేలో వరసగా పెట్టి చూపించాడు, మూడు నెలలది గోలీకాయంత, పది నెలలది, రెండేళ్లది, ఐదేళ్లది, తొమ్మిదేళ్లది, అంగిలి లోపలి కప్పు అంతా గీతలతో సహా. ఎవరికైనా పిల్లల ఫోటోలుంటాయి, మాకు ఇవి. ఆగి ఉంటే ఇవి ఇంకా వెడల్పుగా ఉండేవి కదండీ అన్నాను. ఆయన మాట్లాడకుండా పై అరలోంచి ఒక పెద్ద అచ్చు దించాడు. విశాలమైన అంగిలి, పెద్దవాళ్లది, ఒంపు ఎక్కడా కుంగలేదు, మధ్యలో మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలిక. "ఇది ఇటుకలు మోసే ఆయనదమ్మా. నలభై ఏళ్లొచ్చాక వచ్చాడు, అంతకుముందు ఎవరూ కత్తి పెట్టలేదు. చూడు, ఎంత బాగా పెరిగిందో. నా సర్వీసులో ఇంత అందమైన దవడ చూడలేదు" అన్నాడు. మరి, అన్నాను. "ఆయన పేరేంటో నాకు అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి పేరు రాసిన చీటీ తీసి ఇచ్చాడు, జేబులో ఎప్పుడూ ఉంచుకునేవాడట." ఆ అచ్చును మళ్లీ పై అరలో పెట్టి, ఒళ్లు దులుపుకుని, "మీ అమ్మాయి ఇందాక నాకు నలభై నిమిషాలు జిరాఫీల గురించి చెప్పింది" అన్నాడు. ఆ రోజు నేను తేలికపడి ఇంటికి వెళ్లాను, తేలికపడిన చేత్తోనే మర్నాడు తాళంచెవి పట్టుకున్నాను.

ఎదురుగా కుర్చీలో ఒక కుర్రతండ్రి కూర్చున్నాడు, ఒళ్లో నాలుగైదేళ్ల కొడుకు, వాడి పెదవి మీద కూడా అదే గీత, ఆ గీత ఉన్న పిల్లలంతా నాకు చుట్టాల్లా అనిపిస్తారు. నర్సమ్మ వచ్చి అతని పక్కన కూర్చుని, చేతిలో ప్లాస్టర్ నమూనా పెట్టి, స్క్రూ చూపించి, మా పిల్ల నోట్లో ఉన్నటువంటిదే, వాడికి ముందుగానే మొదలుపెడుతున్నారు కాబోలు, నేర్పిస్తోంది. కొత్తవాళ్లకు నేర్పుతుంటే పాతవాళ్లం వినీ విననట్టు వింటాం, మనకు తెలిసిందే కదా అని ఒకరకమైన హాయి. "ఇదిగో ముందున్న రంధ్రంలో పెట్టండి. గొంతువైపు తోయండి. తరువాతి రంధ్రం పూర్తిగా కనబడిందా? ఇప్పుడు జాగ్రత్త. తాళంచెవిని ఇలా గొంతువైపే కిందికి దించి బయటికి తీయాలి. తోసిన దారినే ముందుకు లాగారనుకోండి, స్క్రూ కూడా దాంతో వెనక్కొచ్చేస్తుంది. తిప్పీ తిప్పనట్టే." అతను, "ఇలాగా?" అన్నాడు. లాగాడు. "ఇదిగో, ఇప్పుడు మీరు చేసిందే తప్పు" అంది నర్సమ్మ.

నా కుడిచెయ్యి బ్యాగు మీద ఉంది. బ్యాగు మీదే, తనంతట తాను, ఆ పని చేసింది, చూపుడువేలూ బొటనవేలూ కలిపి తోసింది, తోసి, ముందుకు లాగింది. మళ్లీ చేయించాను. మళ్లీ ముందుకే లాగింది. గొంతులో గుచ్చుకుంటుందేమో, పిల్లకు డోకు వస్తుందేమో అని మెల్లగా, సుతారంగా, వచ్చిన దారినే, ముందుకు. ఇరవై ఎనిమిది పొద్దులు. నోటుబుక్కు తీశాను, మొదటి పేజీలో ఆ రోజు నర్సమ్మ చెబుతుంటే నేను రాసుకున్న వాక్యాలున్నాయి, ఒకటి కింద ఒకటి, అక్షరాలు అచ్చు గుద్దినట్టు. రంధ్రంలో పెట్టాలి. గొంతువైపు తోయాలి. తరువాతి రంధ్రం కనబడాలి. తీయాలి. తీయాలి అని మాత్రమే రాశాను, ఎటువైపు అన్నది రాయలేదు. ఆవిడ చెప్పే ఉంటుంది, నేను మూడో వాక్యం దగ్గర అక్షరం బాగా రాలేదని దిద్దుతూ ఉండి ఉంటాను. మధ్యమధ్య రోజుల్లో రంధ్రం చోటు మారి సగంలో ఎక్కడో ఉండేది, అక్కడినుంచే తోసేదాన్ని, ఏమిటిది అనుకున్నానా, అనుకున్నాను, స్క్రూ అంటే అలాగే ఉంటుందేమో అనుకుని టిక్కు పెట్టాను. ఇంట్లో ఒక మెకానిక్కు ఉన్నాడు, అడగలేదు. దానికి నొప్పి లేకపోవడం నా చేతి గొప్ప అనుకున్నాను, ఎముక కదిలితే కదా నొప్పి.

ఫోను మోగింది. ఆయనే. "కొలిచారా?" ఇంకా లేదు, ఆరుతోంది అన్నాను. "వసపిట్ట ఏం చేస్తోంది?" వాక్యాలు చదువుతోంది. వెనక ఎక్కడో ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. ఏమండీ, ఒకటి అడుగుతాను అన్నాను, స్క్రూ తిప్పాక పానా తీసేటప్పుడు అదే పట్టు మీద వెనక్కి లాగితే ఏమవుతుంది. "ఏమవుతుంది, తిప్పింది విప్పినట్టవుతుంది. పట్టు వదిలించి తీయాలి. ఎందుకు?" ఏం లేదు. ఊరికే అడుగుతున్నాను అన్నాను. లిఫ్టు మెకానిక్కుకు ఏ తాడు ఎక్కడ తెగిందో చప్పుడు బట్టి తెలుస్తుందట, ఆయనే చెబుతుంటారు. "నేను రానా?" అన్నారు. వద్దండీ అన్నాను. "సరే. కొలిచాక ఫోన్ చెయ్యి. ఎంతైనా చెప్పు" అని పెట్టేశారు. ఎంతైనా. ఆ ఒక్క మాటకు కళ్లు నిండాయి, ఎదురుగా కుర్రతండ్రి చూసి తల తిప్పుకున్నాడు, తన సంగతే అనుకుని భయపడ్డాడేమో పాపం.

టీచరమ్మ తలుపు తెరుచుకుని వసపిట్ట బయటికొచ్చింది, నా పక్కన కూర్చోకుండా ఎదుటి కుర్రాడి దగ్గరికి వెళ్లి, "నీకూ స్క్రూ పెడతారా? ఏం కాదు. మా అమ్మ రోజూ తిప్పుతుంది, నాకు అస్సలు తెలియనే తెలియదు" అని చెబుతోంది. ఆ పిల్లాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఇంతలో లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ నాకన్నా చిన్నది, పొట్టి జుట్టు, వేళ్లకు ఎప్పుడూ పెన్ను మరకలు. నెల క్రితం అచ్చూ కొత్త అచ్చూ పక్కపక్కన పెట్టి, కాంపాస్ లాంటి కొలత పరికరం రెండు కాళ్లూ విప్పి ఇటు పన్ను మీద అటు పన్ను మీద ఆనించింది. మళ్లీ ఆనించింది. ప్లాస్టర్ తాత ఇంకా తడి ఆరని చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "రెండున్నర" అందావిడ. నా వైపు చూడలేదు, ఎక్స్‌రే వైపు చూసింది, అందులో కోరపన్ను తల కిందికి పెట్టుకుని చీకట్లో వేచి ఉన్నట్టుంది. "మీరు రోజూ తిప్పారుగా?" రోజూ అన్నాను, అది అబద్ధం కాదు. "అయితే మచ్చ బాగా గట్టిగా ఉన్నట్టు. చిన్నప్పుడే కుట్టినవాళ్లలో కొందరికి ఇలా ఉంటుంది. స్క్రూకు లొంగకపోతే ఇది తీసేసి, ముందు ఆ మచ్చను కోసి వదులు చేయాల్సి ఉంటుంది. అంటే ఇంకో ఆపరేషన్. సర్జన్‌గారితో మాట్లాడతాను" అంటూ ఫైలు దగ్గరికి లాక్కుంది, పెన్ను మూత తీసింది.

చిన్నప్పుడే కుట్టినవాళ్లలో. ఎంత సులువు. నోరు మెదపకుండా కూర్చుంటే చాలు, తప్పు మచ్చది అవుతుంది, మచ్చ మీద నా తప్పు ఎలాగూ తొమ్మిదేళ్ల నుంచి ఉండనే ఉంది, పాతది, అలవాటైనది, ఎవరూ నన్ను దానికి ఏమీ అనలేనిది. ఈ రెండోది కొత్తది, చిన్నది, సిగ్గుచేటుది, నాలుగు వాక్యాలు సరిగ్గా రాసుకోలేని మనిషిది. పెన్ను కాగితం మీద ఆనింది. పిల్ల కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతోంది, బూట్లు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

"రాయకండి" అన్నాను. "మచ్చ కాదండీ. నేను తాళంచెవి ముందుకు లాగి తీస్తున్నాను. మొదటి రోజు నుంచీ."

డాక్టరమ్మ పెన్ను ఎత్తింది. "ఎలా తీస్తున్నారో చూపించండి" అంది. నమూనా చేతికిచ్చింది. చూపించాను. చెయ్యి ఎంత సుతారంగా చేసిందంటే, తప్పు కూడా అందంగానే కనబడింది. ఆవిడ పెదవి కొరుక్కుంది, తిట్టడానికి కాదు, నవ్వు ఆపుకోవడానికని ఆలస్యంగా తెలిసింది. "ఇన్ని రోజులు నిజంగా తిప్పి ఉంటే ఈ పిల్ల ఒక్కసారైనా అరిచి ఉండేది. నొప్పి లేదు అన్నప్పుడే నేను రమ్మని ఉండాల్సింది. అందులో సగం నాది" అంది. "అయినా లాగిలాగే రెండున్నర వచ్చిందంటే ఈ అంగిలి మొండిదేం కాదు. తిప్పితే కదులుతుంది."

నాకు ఆ వాక్యం రెండోసారి వినాలనిపించింది. తిప్పితే కదులుతుంది. పద్నాలుగో తేదీ చేజారింది, ఆ తరువాతి నెలలో గది దొరుకుతుందేమో చూస్తానంది, కోరపన్ను ఇంకా పైనే ఉంది, ఒక నెల ఆగుతుంది, రెండు నెలలైతే చెప్పలేనంది, ఇకమీదట వారం వారం వచ్చి చూపించాలంది. ఇవన్నీ నేను రాసుకోలేదు. చెవులతో విన్నాను.

పిల్ల వైపు తిరిగాను. నీ స్క్రూ నేను తప్పు తిప్పానమ్మా అన్నాను. అది కాళ్లు ఊపడం ఆపింది. "నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు తోసినప్పుడు ఇక్కడ బిగుస్తుంది" అని ముక్కు పక్కన వేలు పెట్టి చూపించింది, "తీసేటప్పుడు వదులైపోతుంది. నాలుకతో చూస్తే తెలుస్తుంది కదా."

"మరి చెప్పలేదేమే?"

"చెబితే గట్టిగా తిప్పుతావని." బూట్ల వైపు చూసుకుంటూ, "నొప్పి లేకపోతే నువ్వు బాగా సంతోషంగా ఉంటావు కూడా" అంది.

గుమ్మంలో ప్లాస్టర్ తాత, "ఇద్దరూ ఇద్దరే, దొంగ మొహాలు" అన్నాడు.

ఇప్పుడే, నా ముందే ఒకసారి తిప్పండి అంది డాక్టరమ్మ, లైటు దించి. చేతులు కడుక్కున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, వేళ్లు తుడుచుకుని తాళంచెవి అందుకున్నాను. దాని తల వెనక్కి వాల్చాను, నోరు తెరిచింది, నేను తొమ్మిదేళ్లుగా చూస్తున్న ఆ కప్పు, మధ్యలో పాలిపోయిన మచ్చ, కొంచెం మెరుస్తూ, ఒకప్పుడు సందు ఉన్న దారంతా మూసుకుని. స్క్రూ మధ్య రంధ్రం కనబడింది. పెట్టాను, తోశాను, తరువాతి రంధ్రం పూర్తిగా వచ్చేదాకా తోశాను. ఇక్కడ చెయ్యి ముందుకు రాబోయింది. ఆపాను. గొంతువైపే దించి, దానికి డోకు వచ్చినా ఆగకుండా, పట్టు వదిలించి తీశాను. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే నీళ్లు నిండాయి, చెంపల మీదికి జారాయి, రెండు చేతులూ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాయి, గోళ్లు దిగేలా. "వచ్చింది" అంది, "అమ్మా, వచ్చింది, ముక్కు దాకా వచ్చింది." తుడవలేదు నేను, నా చేతులు దాని చేతుల్లో ఉన్నాయి. పావు మిల్లీమీటరు. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది.

రేపటి నుంచి నాన్నను తిప్పమందామా అన్నాను. స్క్రూలు నాన్నకు బాగా తెలుసు.

అది ముక్కు ఎగబీల్చి, ఆలోచించింది. "వద్దు. నేను ఏడిస్తే నాన్న ఆపేస్తాడు" అంది. మణికట్టు వదలకుండానే నా మొహంలోకి చూసింది. "నువ్వు ఆపవు కదా?"

"ఆపను" అన్నాను.